పాట ఆమెది, పేరు ఎవరిది?

టీనా టర్నర్ 2023 మే 24న స్విట్జర్లాండ్‌లోని కుస్నాక్ట్‌లో, తన ఇంట్లో, 83 ఏళ్ళ వయసులో చనిపోయింది. మర్నాడు పత్రికలన్నీ దాదాపు ఒకే కథ అచ్చువేశాయి. మొగుడి చేతిలో ఏళ్ళ తరబడి చావుదెబ్బలు తిన్న ఒక నల్లజాతి స్త్రీ, ఒక రాత్రి చిల్లర డబ్బులతో పారిపోయి, చివరికి ప్రపంచం మెచ్చిన గాయని అయింది. ఇదీ ఆ కథ. ఇందులో కన్నీళ్ళున్నాయి, ధైర్యం ఉంది, విజయం ఉంది. స్త్రీలకు స్ఫూర్తినివ్వడానికి ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది.

ఈ కథలో అబద్ధం లేదు. కాని పెద్ద కోత ఉంది. ఇందులో దెబ్బలు తిన్న భార్య ఉంది, కాని పదహారేళ్ళు సంపాదించి పెట్టిన శ్రామికురాలు లేదు. కొట్టిన భర్త ఉన్నాడు, కాని యజమాని లేడు. హింస ఇంటిగుట్టుగానూ, విజయం వ్యక్తిగత పట్టుదలగానూ మిగిలిపోయి, మధ్యలో ఉండాల్సిన పని, కూలి, ఒప్పందం, ఆస్తి మాయమైపోయాయి. టీనా మీద జరిగిన హింసను ఆమె చేసిన పని నుంచి విడదీస్తే ఆ హింస ఎందుకు జరిగిందో మనకు అర్థం కాదు. ఐక్ టర్నర్ కోపిష్టి కాబట్టి, మాదకద్రవ్యాలకు బానిస కాబట్టి కొట్టాడని సరిపెట్టుకుంటాం. అతని వ్యాపారమంతా ఒక స్త్రీ గొంతు మీద నిలబడి ఉందనీ, ఆ గొంతును చెయ్యి దాటిపోకుండా ఉంచుకోవడానికే కొట్టాడనీ చూడం.

క్లబ్బులో పాట, చేతిలో మైకు

ఆమె అసలు పేరు ఆనా మే బులక్. 1939 నవంబర్ 26న అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో పుట్టింది. నట్‌బుష్ అనే పల్లెలో, పత్తి చేల మధ్య పెరిగింది. పిల్లప్పుడు పత్తి ఏరింది. పదకొండో ఏట తల్లి, భర్త పెట్టే హింస భరించలేక ఇల్లు విడిచి వెళ్ళింది. పదహారో ఏట ఆనా మే కూడా తల్లి దగ్గరకు, సెయింట్ లూయిస్ నగరానికి చేరింది. కొంతకాలం ఒక ఆసుపత్రిలో నర్సులకు సహాయకురాలిగా పనిచేసింది.

సెయింట్ లూయిస్‌కు నది అవతల ఉన్న ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో క్లబ్ మాన్‌హటన్ అని ఒక నైట్‌క్లబ్ ఉండేది. ఐక్ టర్నర్ నడిపే 'కింగ్స్ ఆఫ్ రిథమ్' బృందం అక్కడ వాయించేది. అక్క ఆలీన్‌తో కలిసి ఆనా మే అక్కడికి వెళ్ళేది. ఒక రాత్రి విరామ సమయంలో మైకు ఆమె చేతికొచ్చింది. ఆమె పాడింది. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్ళు కూడా ఉండవు. ఐక్‌కు కావలసిన గొంతు దొరికింది. 1958లో విడుదలైన 'బాక్స్‌టాప్' రికార్డు మీద ఆమె పేరు 'లిటిల్ ఆన్'.

1960లో 'ఎ ఫూల్ ఇన్ లవ్' పాట రికార్డింగుకు రావలసిన గాయకుడు రాలేదు. స్టూడియోకు డబ్బు కట్టేశారు కాబట్టి ముందు ఆమె చేత పాడించి, తర్వాత ఆ గొంతు చెరిపేసి అతని గొంతు పెట్టాలనుకున్నారు. న్యూయార్క్‌లోని స్యూ రికార్డ్స్ కంపెనీ యజమాని ఆ పాట విని, ఆమె గొంతే ఉంచమన్నాడు. చెరిపేయడానికని రికార్డు చేసిన గొంతు ఆ ఏడాది నల్లజాతి సంగీత పట్టికలో రెండో స్థానానికి చేరింది.

తాళితో కాదు, ట్రేడ్‌మార్క్‌తో

ఆ రికార్డు విడుదలయ్యే ముందు ఐక్ ఒక పని చేశాడు. ఆమె పేరు మార్చాడు. అడవి రాణి 'షీనా' బొమ్మల కథల్ని గుర్తు చేసేలా 'టీనా' అన్నాడు. దానికి తన ఇంటిపేరు తగిలించాడు. ఆమెను అడగలేదు. పైగా ఆ పేరును తన పేర ట్రేడ్‌మార్క్‌గా రాయించుకున్నాడు. అతని దగ్గర పాడిన వాళ్ళు ఎందరో అప్పటికే వదిలి వెళ్ళిపోయారు. ఈమె కూడా వెళ్ళిపోతే ఇంకొక అమ్మాయిని తెచ్చి అదే 'టీనా టర్నర్' పేరుతో నిలబెట్టవచ్చునని అతని లెక్క.

అప్పటికి వాళ్ళకు పెళ్ళి కాలేదు. మెక్సికోలోని టిహువానాలో పెళ్ళి తంతు జరిగింది 1962లో. అంటే ఆమెకు ఆ ఇంటిపేరు వచ్చింది తాళితో కాదు, ట్రేడ్‌మార్క్‌తో. మామూలుగా పెళ్ళి తర్వాత స్త్రీ పేరు మారుతుంది, దానిని మనం పితృస్వామ్యం అంటాం. ఇక్కడ పెళ్ళికి రెండేళ్ళ ముందే మారింది. దానిని ఏమందాం? పితృస్వామ్యమూ పెట్టుబడీ ఒకే సంతకంతో పనిచేసిన సందర్భం ఇది.

ఇక మొదటి దెబ్బ. తనకు ఈ పేరు వద్దనీ, ఈ ప్రదర్శన యాత్రలో భాగం కావడం ఇష్టం లేదనీ ఆమె చెప్పినప్పుడు, బూట్ల ఆకారం చెడకుండా లోపల పెట్టే కర్రచట్రంతో ఐక్ ఆమె తల మీద కొట్టాడు. ఈ సంగతి ఆమే చెప్పింది. మనం ఇక్కడ ఆగి ఆలోచించాలి. వంటలో ఉప్పు ఎక్కువైందనో, పరాయివాడితో మాట్లాడిందనో కాదు ఆ దెబ్బ. పని చేయనన్నందుకు. సమ్మె చేయబోయిన కార్మికుడి మీద పడే లాఠీకీ, ఆ కర్రకూ తేడా ఒక్కటే. లాఠీ వీధిలో పడుతుంది, అందరూ చూస్తారు. ఆ కర్ర గదిలో పడింది, దానికి మొగుడూ పెళ్ళాల గొడవ అని పేరు పెట్టారు.

అప్పుడామె గర్భవతి. కామెర్లతో ఆసుపత్రిలో ఉన్న తనను ప్రదర్శన కోసం బయటికి తీసుకొచ్చారని ఆత్మకథలో చెప్పుకుంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఊరూరా యాత్రలు. ఎక్కువగా నల్లజాతి వాళ్ళ కోసం నడిచే క్లబ్బుల్లో, రాత్రికి ఒక ఊరు చొప్పున. జాతివివక్ష చట్టబద్ధంగా ఉన్న దక్షిణాది రాష్ట్రాల్లో 1964 దాకా మంచి హోటల్లో గది కూడా దొరకని రోజులవి. పాడేది, ఆడేది ఆమె. ఇంటికొస్తే నలుగురు పిల్లల పెంపకం ఆమెది. అందులో ఇద్దరు ఐక్‌కు అంతకుముందు సంబంధంలో పుట్టినవాళ్ళు. డబ్బుల పెట్టె తాళం మాత్రం ఐక్‌ది. 1968లో ఆమె ఆత్మహత్యా ప్రయత్నం చేసింది. బతికింది. మళ్ళీ వేదిక ఎక్కింది.

ఒక్క భార్యేనా?

"అది వాళ్ళ దాంపత్యంలోని సమస్య, పనితో ఏం సంబంధం?" అనేవాళ్ళు ఐకెట్స్ సంగతి చూడాలి. టీనా వెనక నిలబడి పాడుతూ ఆడే ముగ్గురు అమ్మాయిల బృందం పేరు ఐకెట్స్. ఆ పేరు కూడా ఐక్ పేరులోంచి వచ్చిందే. చిన్న చిన్న తప్పులకు జరిమానాలు వేయడం అతని పద్ధతి. 1965లో ఐకెట్స్ పాడిన 'పీచెస్ అండ్ క్రీమ్' పాట బాగా అమ్ముడైంది. ఐక్ ఏం చేశాడు? ఆ పేరుతో వేరే అమ్మాయిలను ఒక యాత్రకు పంపాడు. డబ్బు సరిగా ఇవ్వడం లేదని ఆ ఏడాది ముగ్గురూ బయటికొచ్చేశారు. తమ పాటతో పైకొచ్చిన పేరు తమకు దక్కలేదు. కొత్తగా 'మిరెట్స్' అని పెట్టుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టుకున్నారు.

ఈ ముగ్గురిలో ఎవరూ అతని భార్య కాదు. అయినా పద్ధతి ఒకటే. పేరు యజమానిది, గొంతు మార్చుకోదగ్గ విడిభాగం. టీనాకు జరిగిందీ ఇదే. కాకపోతే ఆమె భార్య కూడా కాబట్టి ఐకెట్స్ లాగా రాజీనామా చేసి వెళ్ళిపోయే దారి ఆమెకు లేదు. పిల్లలూ ఇల్లూ పనీ అన్నీ ఒకే మనిషి గుప్పిట్లో ఉన్నప్పుడు ఉద్యోగం మానడమంటే ఇల్లు వదలడమే.

జంట అనే మాట ఎంత మోసపూరితమో 1966లో బయటపడింది. నిర్మాత ఫిల్ స్పెక్టర్ 'రివర్ డీప్, మౌంటెన్ హై' పాట టీనా చేత పాడించాలనుకున్నాడు. ఐక్ స్టూడియోకు రాకుండా ఉండడానికి అతనికి 20 వేల డాలర్లు ఇచ్చాడు. ఐక్ ఆ పాటలో పాడలేదు, వాయించలేదు. రికార్డు మీద పేరు మాత్రం 'ఐక్ అండ్ టీనా టర్నర్'. ఆ పాట బ్రిటన్‌లో మూడో స్థానానికి వెళ్ళింది. రాకుండా ఉన్నందుకు డబ్బు, రాకపోయినా మొదటి పేరు. కుటుంబ యజమాని అనే హోదా ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

"అతనే ఆమెను తయారు చేశాడు"

ఐక్ పక్షాన మాట్లాడేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. అతను గొప్ప సంగీతకారుడనీ, అతను లేకపోతే ఆమె నర్సులకు సహాయకురాలిగానే మిగిలిపోయేదనీ అంటారు. మొదటిమాట నిజం. ఐక్ గొప్ప బృంద నాయకుడు. అతని మీద కూడా దోపిడీ జరిగింది. 1951లో అతని బృందం మెంఫిస్‌లో 'రాకెట్ 88' రికార్డు చేసింది. తొలి రాక్ అండ్ రోల్ రికార్డు అదేనని చాలామంది అంటారు. కాని అది విడుదలైంది బృందంలోని గాయకుడు జాకీ బ్రెన్‌స్టన్ పేరు మీద. ఐక్ పేరు లేదు, చేతికొచ్చింది 20 డాలర్లు. తెల్లవాళ్ళ చేతుల్లోని రికార్డు పరిశ్రమ నల్ల సంగీతకారుల పట్ల ఎలా ప్రవర్తించేదో అతను ఇరవై ఏళ్ళు నిండకముందే చూశాడు.

మరి అందులోంచి అతను నేర్చుకున్నదేమిటి? శ్రమ చేసినవాళ్ళకే పేరు దక్కాలని కాదు. పేరు ఎవరి చేతిలో ఉంటే శ్రమ వాళ్ళదవుతుందని. తన మీద ప్రయోగించిన ఆయుధాన్ని తనకన్నా కిందనున్న వాళ్ళ మీద, అంటే తన దగ్గర పాడే నల్లజాతి స్త్రీల మీద ప్రయోగించాడు. జాతివివక్ష గురించి మాట్లాడితే పురుషాధిపత్యాన్ని మరచిపోవాలనీ, పురుషాధిపత్యం గురించి మాట్లాడితే జాతిని వెన్నుపోటు పొడిచినట్లనీ వాదించేవాళ్ళు ఆ దేశంలోనూ ఉన్నారు, కులం విషయంలో మన దగ్గరా ఉన్నారు. అణచివేతకు గురైన పురుషుడు తన ఇంటి స్త్రీని అణిచివేస్తే ఆ రెండూ ఒకదానికొకటి చెల్లు కావు.

1999లో అతను అచ్చువేసిన ఆత్మకథ పేరు 'టేకిన్ బ్యాక్ మై నేమ్'. నా పేరు నేను తిరిగి తీసుకుంటున్నాను అని అర్థం. చెంపదెబ్బలు కొట్టాననీ, పిడిగుద్దులు గుద్దాననీ అందులో ఒప్పుకుంటూనే, అది 'కొట్టడం' కాదని వాదించాడు. ఒక స్త్రీ పేరును తన ఆస్తిగా రాయించుకున్నవాడు చివరికి తన పేరు పోయిందని ఫిర్యాదు చేశాడు!

రోడ్డు దాటినందుకు జరిమానా

1976 జులై మొదట్లో టెక్సాస్‌లోని డాలస్‌లో, ప్రదర్శనకు వెళ్తూ కారులో ఐక్ ఆమెను కొట్టాడు. ఈసారి ఆమె తిరిగి కొట్టింది. హోటల్లో అతను నిద్రపోయాక బయటపడి, వాహనాలు దూసుకుపోతున్న హైవే దాటి ఇంకో హోటల్ చేరుకుంది. చేతిలో 36 సెంట్లు, ఒక పెట్రోలు కార్డు ఉన్నాయి. పత్రికలన్నీ ఈ 36 సెంట్ల దగ్గర ఆగి కన్నీళ్ళు పెట్టుకుంటాయి. పదహారేళ్ళు వేల మంది టికెట్లు కొని చూసిన గాయని చేతిలో 36 సెంట్లే ఎందుకున్నాయి అని అడగవు. అది దురదృష్టం కాదు. ఆమె జీతం లెక్క.

అదే ఏడాది డెల్ మార్టిన్ రాసిన 'బాటర్డ్ వైవ్స్' పుస్తకం వచ్చింది. ఇంట్లో దెబ్బలు తినే స్త్రీల కోసం ఆశ్రయాలు అమెరికాలో అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. స్త్రీల మీద హింసకు సంబంధించిన ఫెడరల్ చట్టం రావడానికి ఇంకా 18 ఏళ్ళు పట్టింది, అది 1994లో వచ్చింది. టీనా స్నేహితుల ఇళ్ళలో తలదాచుకుంది. ప్రభుత్వం పేదలకిచ్చే ఆహార కూపన్లతో కొన్నాళ్ళు గడిపింది.

ఆమె వెళ్ళిపోవడంతో ముందే ఒప్పుకున్న ప్రదర్శనలు రద్దయ్యాయి. 1978 మార్చిలో విడాకులు ఖాయమైనప్పుడు ఆ రద్దయిన ప్రదర్శనల నష్టం, పన్ను బకాయి ఆమె నెత్తిన పడ్డాయి. ప్రాణం దక్కించుకోవడానికి రోడ్డు దాటడం లెక్కల పుస్తకంలో ఒప్పందం ఉల్లంఘన అయింది. తాను రాసిన పాటల మీద రచయితగా వచ్చే రాయల్టీ ఆమెకు మిగిలింది, ప్రచురణ హక్కుల ఆదాయం, ఆమె పాటల మీద కూడా, ఐక్‌కు వెళ్ళింది. రెండు కార్లు, కొన్ని నగలు, కోట్లు ఆమెకు వచ్చాయి. వీటితోపాటు ఆమె పట్టుబట్టి తీసుకున్నది ఒకటే. 'టీనా టర్నర్' అనే పేరు.

దీన్ని కూడా కథలు ఉదాత్తతగా చెప్తాయి. డబ్బు వద్దంది, పేరు చాలంది, ఎంత గొప్ప ఆత్మగౌరవం అని. "నాకేమీ వద్దు, వదిలేస్తే చాలు" అని సంతకం పెట్టే స్త్రీలు మనకు కొత్త కాదు. అది త్యాగం కాదు, బయటపడడానికి కట్టే రుసుము. ఆ రుసుము వసూలు చేసినవాళ్ళను వదిలేసి, కట్టినామెను పొగిడితే ఎవరికి లాభం?

పేరు మిగిలింది కాబట్టి ఆమె పని మొదలుపెట్టగలిగింది. దాదాపు నలభై ఏళ్ళ వయసులో, రికార్డు కంపెనీలు పట్టించుకోని రోజుల్లో, లాస్ వేగస్ క్లబ్బుల్లో, హోటళ్ళ విందుహాళ్ళలో పాడి అప్పులు తీర్చింది. 1978, 1979ల్లో వచ్చిన రెండు ఆల్బమ్‌లు అమ్ముడుపోలేదు. 1984లో 'ప్రైవేట్ డాన్సర్' వచ్చింది. అందులోని ఒక పాట అమెరికా పట్టికలో మొదటి స్థానానికి చేరేసరికి ఆమెకు 44 ఏళ్ళు. లోకం దానిని పునరాగమనం అంది. ఆ మధ్య ఎనిమిదేళ్ళూ ఆమె ఎక్కడికీ పోలేదు, క్లబ్బుల్లో పనిచేస్తూనే ఉంది. నైట్‌క్లబ్ పాటను పనిగా లెక్కించని కళ్ళకు ఆ ఎనిమిదేళ్ళు ఖాళీగా కనిపించాయి, అంతే.

రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ 1991లో ఐక్‌నీ టీనానీ జంటగా చేర్చుకుంది. ఆమె ఆ సభకు వెళ్ళలేదు. ఒంటరిగా ఆమె పేరుతో చేర్చుకోవడానికి ఆ సంస్థకు ఇంకో 30 ఏళ్ళు పట్టింది, 2021లో. అదే ఏడాది ఆమె తన పాటల హక్కులనూ, తన పేరు, రూపాల హక్కులనూ బి.ఎం.జి. కంపెనీకి అమ్మింది. 1960లో ఒక మగవాడు తన ఆస్తిగా రాసుకున్న పేరును 61 ఏళ్ళ తర్వాత ఆమే తన ఆస్తిగా అమ్ముకుంది. దీనిని సంపూర్ణ విముక్తి అని నేను అనను. మార్కెట్ ఒకరికి ఇచ్చింది, మిరెట్స్‌కు ఇవ్వలేదు. కాని అమ్మిన చెయ్యి ఎవరిదన్నది చిన్న విషయం కాదు.

మన ఫారాల్లో ఆమె ఎక్కడ?

టీనా కథ మనకెందుకు? ఆమె పరిస్థితికి మన ప్రభుత్వ లెక్కల్లో ఒక కోడ్ నంబరే ఉంది కాబట్టి. జాతీయ శ్రామిక సర్వేలో 21వ కోడ్ కింద వచ్చేవాళ్ళు కుటుంబ వ్యాపారంలో 'సహాయకులు', అంటే జీతం లేని కుటుంబ శ్రామికులు. మగ్గం మీద కూర్చున్నవాడు నేతకారుడు, ఆసు పోసి కండెలు చుట్టిన భార్యది 'సాయం'. టిఫిన్ బండి మీద పేరు అతనిది, తెల్లవారుజామున లేచి పిండి రుబ్బింది ఆమె. ఐక్ టర్నర్ పక్కన టీనా కూడా ఇలాంటి సహాయకురాలే. తేడా ఏమిటంటే ఆమె 'సాయం' మైకులో వినిపించింది.

2005 గృహహింస చట్టం ఆర్థిక హింసను హింసగా గుర్తించింది. అది స్త్రీల ఉద్యమం సాధించిన విజయం. కాని ఆ చట్టం కింద నింపే డి.ఐ.ఆర్. ఫారం చూడండి. భార్య జీతం లాక్కోవడం, ఉద్యోగం చేయనివ్వకపోవడం ఆర్థిక హింస కింద ఉన్నాయి. అంటే ముందు జీతం ఆమె చేతికి రావాలి, తర్వాత ఎవరో లాక్కోవాలి. అసలు జీతమే పుట్టని పని గురించి ఆ ఫారంలో ప్రశ్న లేదు. ఉద్యోగం మానమని కొట్టినవాడు ఫారంలో దొరుకుతాడు. పని చెయ్యమని కొట్టి, ఆ సంపాదన తన పేర రాసుకున్నవాడు జారిపోతాడు. 'వృత్తి' అన్న గడి ఉన్న ఫారాల్లోనూ మనమే 'గృహిణి' అని రాసి తర్వాతి గడికి వెళ్ళిపోతాం.

ఆ గడి దగ్గర ఆగుదాం. దెబ్బలతో వచ్చిన ప్రతి స్త్రీనీ, దెబ్బల గురించి అడిగినంత శ్రద్ధగా, ఆమె పని గురించి కూడా అడుగుదాం. ఇంట్లో ఏ వ్యాపారం నడుస్తోంది? అందులో ఆమె ఎన్ని గంటలు పనిచేస్తుంది? దుకాణం, మగ్గం, కౌలు కాగితం, బ్యాంకు ఖాతా ఎవరి పేరు మీద ఉన్నాయి? ఆమె మానేస్తే ఏది ఆగిపోతుంది? ఫారంలో చోటు లేకపోతే వెనకవైపు రాద్దాం. మనోవర్తి పిటిషన్‌లో ఆ జవాబులు పెట్టమని లాయర్ని అడుగుదాం. భరణం కోరేటప్పుడు పోషించమని మాత్రమే కాదు, చేసిన పనికి బాకీ తీర్చమని కూడా అడుగుదాం. ఆ బాకీ లెక్క వేయకుండా ఆమెను బతికి బయటపడిన వీరవనితగా వేదిక మీద నిలబెట్టి చప్పట్లు కొట్టడం మనకు సులువు. ఆమె మాత్రం ఆ వేదిక దిగాక మళ్ళీ 36 సెంట్లతోనే ఇంటికి వెళ్తుంది.